నాన్నగారితో స్టార్ ట్రెక్ కన్వెన్షన్‌కి

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా నాన్నగారు విద్యుత్ బోర్డులో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. వయసు 69. రామాయణం సీరియల్ ఇంకా మొదలుకాని రోజుల్లో, 1980ల మధ్యలో, హైదరాబాద్ క్వార్టర్స్‌లో ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ (ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకలో తిరిగే బృందం కథ చెప్పే అమెరికన్ సీరియల్) చూసేవారు. అందులో ఆవేశపడని, మొనదేలిన చెవుల పాత్ర పేరు పెట్టి ఆఫీసులో స్నేహితులు ఆయన్ని 'స్పాక్' అని పిలిచేవారట. ఇప్పటికీ ఎవరైనా ఆవేశపడితే ఒక కనుబొమ్మ పైకెత్తి చూస్తారు. మే నెలలో అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉంటారు. ఆగస్టులో లాస్ వేగాస్‌లో జరిగే స్టార్ ట్రెక్ కన్వెన్షన్‌కి, అంటే అభిమానులూ నటులూ కలిసే పెద్ద సభకి, నాన్నని సర్‌ప్రైజ్‌గా తీసుకెళ్లాలని నా కోరిక. అన్నయ్యేమో "అభిమాన సంఘాల పిచ్చి ఇక్కడ కూడానా, ఒక ఫోటోకి అన్ని డాలర్లా" అంటున్నాడు. "ఆ చెవుల మనిషి కోసం విమానం ఎక్కుతారా" అని అమ్మ నవ్వుతోంది. నాన్నకి షుగర్, మోకాళ్ల నొప్పి ఉన్నాయి. వేషాలేసుకున్న అమెరికన్ల మధ్య ఆయన ఇబ్బంది పడతారేమోనని టెన్షన్‌గా ఉంది. తీసుకెళ్లొచ్చా? డబ్బు దేనికి పెట్టాలి, దేనికి పెట్టకూడదు?

- పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: తీసుకెళ్లండి. సర్‌ప్రైజ్ ఆలోచన మాత్రం మానుకోండి.

అమెరికా వచ్చిన తల్లిదండ్రుల సంగతి మీకు తెలియంది కాదు. పిల్లలు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వెళ్తారు. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడి ఫోటో దిగుతారు. ఇంటికొచ్చాక డాలర్లని రూపాయల్లోకి మార్చుకుని, పైకి చెప్పకుండా బాధపడతారు. నయాగరాకి వెళ్లినా వాషింగ్టన్‌కి వెళ్లినా ఇదే వరస. ఈ ప్రయాణం కూడా అలా అయిపోకూడదంటే ఆయన వెళ్తుంటే మీరు తోడు వెళ్లినట్టుండాలి. ఏ రోజు వెళ్లాలో, ఎవరి మాటలు వినాలో, ఏది వదిలేయాలో ఆయనే తేల్చుకోవాలి. అందుకు ఆయనకి ముందే తెలియాలి కదా.

ముందే చెప్తే ఇంకో లాభం ఉంది. ఆయన చూసిన పాత స్టార్ ట్రెక్ 1966 సెప్టెంబర్ 8న ఎన్‌బీసీ అనే అమెరికన్ చానల్లో మొదలై 1969 జూన్‌లో ఆగిపోయింది. మూడు సీజన్లు కలిపి 79 ఎపిసోడ్లు. మే మధ్యలో రోజుకొకటి చొప్పున మొదలుపెడితే ఆగస్టు మొదటి వారానికల్లా అన్నీ అయిపోతాయి. దూరదర్శన్‌లో ఆయన అన్నీ చూసి ఉండరు. పెళ్లిళ్లకని ఊరెళ్లిన ఆదివారాలుంటాయి, కరెంటు పోయిన ఆదివారాలూ ఉంటాయి (విద్యుత్ బోర్డు ఇంజనీరు ఇంట్లో అయినా సరే). మీరంతా పనుల్లోకి వెళ్లిపోయాక పగలంతా ఇంట్లోనే కూర్చునే మనిషికి ఇదొక మంచి కాలక్షేపం. రాత్రి భోజనాల దగ్గర ఆయన చెప్పడానికి ఒక కథ కూడా ఉంటుంది.

ఇక మీ అసలు భయం. అక్కడ ఆయన పరాయివాడిలా మిగిలిపోతారా?

ఈ కన్వెన్షన్లు ఎలా పుట్టాయో తెలిస్తే ఆ భయం చాలావరకు పోతుంది. స్టార్ ట్రెక్‌ని మొదటిసారి ప్రసారం చేసినప్పుడు పెద్దగా ఎవరూ చూడలేదు. రెండో సీజన్ తర్వాత ఆపేస్తారన్న మాట వినగానే బ్జో ట్రింబుల్ అనే అభిమాని, ఆమె భర్త జాన్ కలిసి ఉత్తరాల ఉద్యమం నడిపారు. కట్టలకొద్దీ ఉత్తరాలు ఎన్‌బీసీకి చేరాయి. అలా మూడో సీజన్ దక్కింది కానీ దాన్ని శుక్రవారం రాత్రి పది గంటలకి వేశారు. యువకులు ఇంట్లో ఉండని వేళ అది. ఆ సీజన్‌తో సీరియల్ ముగిసిపోయింది. దానికి అసలైన అభిమానులు పుట్టింది ఆ తర్వాతే. 1970ల్లో అమెరికా అంతటా స్థానిక చానళ్లు పాత ఎపిసోడ్లనే మళ్లీ మళ్లీ వేశాయి. బడి నుంచి ఇంటికొచ్చిన పిల్లలు సాయంత్రాలు అవే చూశారు. 1972 జనవరిలో న్యూయార్క్‌లోని స్టాట్లర్ హిల్టన్ హోటల్లో మొదటి పెద్ద స్టార్ ట్రెక్ కన్వెన్షన్ పెట్టినవాళ్లు కొన్ని వందల మంది వస్తారనుకున్నారు. మూడు వేలకి పైగా వచ్చారు. సీరియల్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ వచ్చాడు, రచయిత ఐజాక్ అసిమోవ్ వచ్చాడు, నాసా కూడా ప్రదర్శనకి వస్తువులు పంపింది. సీరియల్ ఆగిపోయి అప్పటికి రెండున్నరేళ్లు దాటింది.

అంటే ఇప్పుడు లాస్ వేగాస్‌లో కనిపించే తలనెరిసిన అమెరికన్లలో చాలామంది కూడా దీన్ని పునఃప్రసారాల్లోనే పట్టుకున్నారు. మీ నాన్నగారిలాగే. వాళ్లు మంగళవారం సాయంత్రం ఏ ఊళ్లోనో చూస్తే, ఈయన పదేళ్ల తర్వాత ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో చూశారు. తేడా అంతే. "మీరు మొదట ఎక్కడ చూశారు?" అన్నది ఇలాంటి చోట్ల క్యూలో నిలబడ్డవాళ్లు ఒకళ్లనొకళ్లు అడుక్కునే ప్రశ్న. మీ నాన్నగారి జవాబుకి చుట్టూ పదిమంది తల తిప్పి చూస్తారు. ఆ కబుర్లకి చోటివ్వండి. ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నప్పుడు "నాన్నా, టైమైపోతోంది" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లొద్దు. నా దృష్టిలో ఈ ప్రయాణంలో అన్నిటికన్నా విలువైనవి ఆ పావుగంటలే, వాటికి టికెట్ కూడా అక్కర్లేదు.

మాట కలపడానికి ఆయన దగ్గర ఇంకా సరుకుంది. 1967లో వచ్చిన 'స్పేస్ సీడ్' ఎపిసోడ్‌లో ఖాన్ నూనియన్ సింగ్ అనే ప్రతినాయకుడు ఉత్తర భారతం వాడు, బహుశా సిక్కు అని ఒక పాత్ర అంటుంది. ఆ వేషం వేసింది మెక్సికోలో పుట్టిన రికార్డో మోంటల్బాన్. 1979 స్టార్ ట్రెక్ సినిమాలో గుండు చేయించుకుని ఐలియాగా కనిపించిన పర్సిస్ ఖంబాటా మన బొంబాయి అమ్మాయి, 1965 మిస్ ఇండియా. ఈ రెండూ అక్కడివాళ్లకి బాగా తెలిసిన విషయాలే. కానీ ఇండియాలో వీటిని చూసినవాళ్లకి ఏమనిపించిందో చెప్పగలిగేవాళ్లు వాళ్లకి అరుదుగా దొరుకుతారు.

వేషాల సంగతి. వేసుకోని వాళ్లు బోలెడంతమంది ఉంటారు, ఎవరూ వింతగా చూడరు. ఆయనకి సరదా ఉంటే ఒక మామూలు రంగు టీ షర్టు చాలు. పాత సీరియల్లో కెప్టెన్ వైపు వాళ్లది పసుపు ఛాయ, స్పాక్‌లాంటి శాస్త్రవేత్తలదీ డాక్టర్లదీ నీలం, ఇంజనీర్లదీ కాపలావాళ్లదీ ఎరుపు. ఆఫీసులో స్పాక్ అనిపించుకున్నారు కాబట్టి నీలం, వృత్తిరీత్యా ఎరుపు. ఏది వేసుకుంటారో ఆయన్నే తేల్చుకోనివ్వండి. ఎర్రచొక్కా వేసుకుని కొత్త గ్రహం మీద దిగిన ఊరూపేరూ లేని కుర్రాడు తిరిగి రాడన్నది అభిమానుల పాత జోకు. ఎవరైనా ఆయన చొక్కా చూసి "జాగ్రత్త సార్" అని నవ్వితే అందుకే. ఇతరుల వేషం నచ్చితే ఫోటో తీసేముందు అడగాలి, అడగకుండా వాళ్లని తాకకూడదు. ఇది ఆయనకి నచ్చజెప్పాల్సిన పని లేదనుకుంటాను, ఫోను చేతిలో ఉన్న మనకే గుర్తు చేయాలి.

డబ్బు దగ్గర మీ అన్నయ్య మాటలో సగం నిజముంది. లోపలికి వెళ్లే టికెట్ వేరు, నటులతో ఫోటో వేరు, ఆటోగ్రాఫ్ వేరు, బల్ల దగ్గర మీ ఫోనుతో సెల్ఫీ దిగాలన్నా చాలామంది విడిగా తీసుకుంటారు. పేరున్న నటుల దగ్గర ఒక్కో దానికి వంద డాలర్లు దాటడం మామూలే. ఫోటో అంటే గంటసేపు క్యూ, కెమెరా ముందు పది సెకన్లు. నమస్కారం పెట్టేలోపే "నెక్స్ట్" అంటారు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి ఈ బేరం నాకు నచ్చదు. ఆయనకి అంతగా ఇష్టమైన నటుడు ఉంటే ఒక ఆటోగ్రాఫ్ తీసుకోండి. ఆటోగ్రాఫ్ బల్ల దగ్గర కనీసం రెండు మాటలు మాట్లాడే వీలుంటుంది. ఆయన అడక్కుండా మీరే ఫోటో టికెట్ కొనిపెట్టకండి. ముందు వరస సీట్లున్న ఖరీదైన ప్యాకేజీలూ అక్కర్లేదు. వేదిక పక్కన పెద్ద తెరలుంటాయి.

అమ్మగారు నవ్వే ఆ చెవుల మనిషి ఇప్పుడు లేడని నాన్నగారికి తెలిసే ఉంటుంది. స్పాక్‌గా వేసిన లెనార్డ్ నిమోయ్ 2015 ఫిబ్రవరిలో పోయాడు. డాక్టర్ మెకాయ్‌గా వేసిన డిఫారెస్ట్ కెల్లీ 1999లో, స్కాటీ వేషం వేసిన జేమ్స్ డూహన్ 2005లో, ఉహురాగా చేసిన నిషెల్ నికోల్స్ 2022లో వెళ్లిపోయారు. కెప్టెన్ కర్క్ వేషం వేసిన విలియం షాట్నర్ 1931లో పుట్టినవాడు. ఆ తరం వాళ్లు వస్తామని ప్రకటించాక కూడా ఆరోగ్యం వల్లో షూటింగ్ వల్లో రాలేకపోవచ్చు. ఒక నటుడు రానంత మాత్రాన ప్రవేశ టికెట్ డబ్బు తిరిగివ్వరు, ఇది ఈ రంగంలో ఉన్న మామూలు షరతు. ఈ ముక్క కూడా ఆయనతో ముందే చెప్పండి.

మరి అక్కడ చూడాల్సిందేమిటి? చిన్న హాళ్లు. పెద్ద వేదిక మీద నటులు చెప్పే కబుర్లు సరదాగా ఉంటాయి కానీ ఏళ్ల తరబడి చెప్పి చెప్పి అరిగిపోయినవి. పక్క హాళ్లలో సెట్లు గీసినవాళ్లు, మేకప్ చేసినవాళ్లు, కథలు రాసినవాళ్లు, ఒక్కోసారి నిజమైన శాస్త్రవేత్తలు కూర్చుని మాట్లాడతారు. ఇంజనీరుకి అదే పండగ. ఉదాహరణకి, మనుషుల్ని ఒకచోట మాయం చేసి ఇంకోచోట తేల్చే ఆ ట్రాన్స్‌పోర్టర్ యంత్రం ఎందుకు పుట్టిందో తెలుసా? ప్రతివారం అంత పెద్ద నౌకని ఒక గ్రహం మీద దింపినట్టు చూపించడానికి బడ్జెట్ సరిపోక. నౌకని గీసిన మ్యాట్ జెఫ్రీస్ పేరే తర్వాత అందులోని మరమ్మతు సొరంగాలకి పెట్టారు. తర్వాతి సీరియళ్లలో కంట్రోల్ ప్యానెళ్ల మీద కనిపించే గీతలూ అంకెలూ దిద్దిన మైకేల్ ఒకుడా, ఆయన భార్య డెనిస్ పేర్లు కార్యక్రమాల పట్టికలో కనిపిస్తే వదలొద్దు. సబ్‌స్టేషన్ కంట్రోల్ రూముల్లో గడిపిన మనిషి ఆ ప్యానెళ్లని మనలా చూడరు.

ఒక హెచ్చరిక. కన్వెన్షన్ అంతా పాత సీరియల్ గురించే ఉండదు. 1987లో మొదలైన నెక్స్ట్ జనరేషన్ నుంచి ఈమధ్య వచ్చిన స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్ దాకా తర్వాతి స్టార్ ట్రెక్ సీరియళ్లన్నిటికీ వాటా ఉంటుంది. ఆయనకి తెలియని మొహాలే ఎక్కువ కనిపిస్తాయి. అందుకని మొత్తం రోజులన్నిటికీ కాకుండా పాత సీరియల్ వాళ్లు ఎక్కువగా వచ్చే ఒకటి రెండు రోజులకే టికెట్లు కొనండి. ఏ గంటకి ఏముందో తేదీ దగ్గరపడ్డాకే చెప్తారు కానీ ఏ అతిథి ఏ రోజు వస్తాడో సాధారణంగా ముందే తెలుస్తుంది. చాలా ఏళ్లు ఈ కన్వెన్షన్ రియో హోటల్లో జరిగింది, మధ్యలో వేరేచోట్లకీ మారింది. మీరు వెళ్లే ఏడాది ఎక్కడో చూసుకుని గది అదే హోటల్లో తీసుకోండి. నాలుగు డాలర్లు మిగులుతాయని పక్క హోటల్‌కి వెళ్తే మధ్యాహ్నం ఆయన నడుం వాల్చే అవకాశం పోతుంది. గది అద్దె చూసేటప్పుడు 'రిసార్ట్ ఫీ' అని రోజుకింత విడిగా వేస్తారు, అదీ కలిపి చూడండి.

మైకు విషయం కూడా చెప్పాలి. ప్రేక్షకులు వరసలో నిలబడి వేదిక మీదవాళ్లని ప్రశ్నలడగొచ్చు. మన పెద్దలకి మైకు దొరికితే ఉపోద్ఘాతం మొదలవుతుంది. "హైదరాబాద్‌లో దూరదర్శన్‌లో చూశాను" అన్న ఒక్క వాక్యం, ఆ వెంటనే ప్రశ్న, అంతే. ప్రశ్న కూడా అవతలివాళ్లు జవాబు చెప్పగలిగేది కావాలి. 57వ ఎపిసోడ్‌లో వోల్టేజీ లెక్క తప్పిందని నటుణ్ని నిలదీస్తే పాపం ఆయనేం చెప్తాడు? యాస గురించి దిగులొద్దు, ఆ హాల్లో అన్ని దేశాల యాసలూ వినిపిస్తాయి.

ఆరోగ్యం దగ్గర కొంచెం గట్టిగా ఉండండి. ముందు జూన్‌లో ఒక శనివారం ఆయన్ని మాన్‌హాటన్‌లో ఇంట్రెపిడ్ మ్యూజియానికి తీసుకెళ్లండి. అక్కడ 2012 నుంచీ ఎంటర్‌ప్రైజ్ అనే స్పేస్ షటిల్ ఉంది. 1976లో నాసా తన మొదటి షటిల్‌కి వేరే పేరు పెట్టాలనుకుంటే, స్టార్ ట్రెక్ అభిమానులు అధ్యక్షుడు ఫోర్డ్‌కి ఉత్తరాలు రాసి సీరియల్లోని నౌక పేరు పెట్టించారు. పరీక్షలకి వాడారు తప్ప అది అంతరిక్షంలోకి వెళ్లనేలేదు. మీరు మెట్రోపార్క్‌లో రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగుతారు కదా, 1972 కన్వెన్షన్ జరిగిన హోటల్ సరిగ్గా ఆ స్టేషన్ ఎదురుగానే ఉండేది. ఈమధ్యే కూల్చేశారు. ఆ రోజు ఆయన ఎంతసేపు నిలబడగలిగారో, ఎప్పుడు కూర్చోవాల్సి వచ్చిందో, ఎన్నింటికి ఆకలేసిందో గమనించుకోండి. వేగాస్‌లో రోజుని దాన్నిబట్టి వేసుకోవచ్చు. నిలబడలేనివాళ్లకి సీట్లూ క్యూలో వెసులుబాటూ అడిగితే ఇస్తారు, బ్యాడ్జీ తీసుకునే దగ్గరే అడగండి. వీల్‌చెయిర్ అంటే నాన్నగారు చిన్నబుచ్చుకోవచ్చు. మడత కుర్చీ తగిలించిన చేతికర్రలు దొరుకుతాయి, అవి గౌరవంగా ఉంటాయి.

కన్వెన్షన్లకి తరచూ వెళ్లేవాళ్ల మధ్య ఒక లెక్క చలామణిలో ఉంది: రోజుకి కనీసం ఐదు గంటల నిద్ర, రెండు పూటల తిండి, ఒక స్నానం. కుర్రాళ్లకి పెట్టుకున్న లెక్క అది. షుగర్ ఉన్నవాళ్లకి తిండి వేళకి పడటమే ముఖ్యం, ఎంత ఇష్టమైన కార్యక్రమం ఉన్నా సరే. మాత్రలు, ఇన్సులిన్ ఉంటే అదీ, చేతిసంచీలోనే పెట్టుకోండి. గదిలోకి పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్లినా గదిలోని ఫ్రిజ్‌లో పెట్టేముందు హోటల్‌వాళ్లని అడగండి, కొన్నిచోట్ల లోపల అమ్మకానికి పెట్టిన సీసా కదిలితే బిల్లు పడుతుంది. ఆగస్టులో అక్కడ బయట 40 డిగ్రీలు దాటుతుంది, లోపల ఏసీకి వణుకు పుడుతుంది. ఒక స్వెటర్ ఉండాలి. లిఫ్టుకి వెళ్లాలన్నా కాసినో మధ్యలోంచి నడవాల్సిన హోటళ్లు చాలా, అక్కడ సిగరెట్ పొగ ఉంటుంది. మనకీ వాళ్లకీ మూడు గంటల తేడా కాబట్టి నాన్నగారు తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు, రాత్రి ఎనిమిదికల్లా నిద్రకి ఆగలేరు. రాత్రి కార్యక్రమాలు వదిలేయండి. విజిటర్ ఇన్సూరెన్స్‌లో షుగర్‌కి సంబంధించినవి ఎంతవరకు వర్తిస్తాయో మే నెలలోనే చదివి పెట్టుకోండి.

అమ్మగారిని బలవంతం చేయకండి. మొగుడి సరదాని భరించడం వేరు, దానికోసం ఐదు గంటలు విమానంలో కూర్చోవడం వేరు. వస్తానంటే కన్వెన్షన్ టికెట్ కొనకుండా ఆవిడ రోజుని ఆవిడకి వదిలేయండి. మనవాళ్లలో వేగాస్ అనగానే గ్రాండ్ కాన్యన్ కూడా కలిపేసే అలవాటుంది. దాని దక్షిణపు అంచు సౌత్ రిమ్‌కి కారులో నాలుగున్నర గంటలు పడుతుంది, ఈసారికి వద్దు. దానికి బదులు ఒక పూట హూవర్ డ్యామ్‌కి వెళ్లండి. ముప్పై మైళ్ల పైచిలుకు దూరం. 1930ల్లో కట్టిన ఆ ఆనకట్టనీ లోపలి టర్బైన్లనీ చూపిస్తే, విద్యుత్ బోర్డు ఇంజనీరు స్పాక్ సంగతి కూడా కాసేపు మర్చిపోతారు.

టికెట్లు కొనేముందు ఆయన్ని ఒక్క ప్రశ్న అడగండి: "నాన్నా, పాత నటులెవరూ రాకపోయినా వెళ్దామా?" వెళ్దామంటే నిశ్చింతగా కొనండి. అలా అయితే వద్దులే అంటే ఆయనకి కావాల్సింది జనం కాదు, ఆ నౌక. దానికి న్యూయార్క్ రాష్ట్రంలోనే టికండరోగా అనే చిన్న ఊరుంది. ఎల్విస్ ప్రెస్లీ వేషంతో పాటలు పాడే జేమ్స్ కాలీ అనే అభిమాని పాత సీరియల్ సెట్లని అసలు నమూనాల ప్రకారం అక్కడ మళ్లీ కట్టించాడు, 2016 నుంచీ జనాన్ని లోపలికి రానిస్తున్నారు. కెప్టెన్ కుర్చీ, ట్రాన్స్‌పోర్టర్ గది, ఇంజిన్ గది అన్నీ ఉన్నాయి. మీ ఇంటి నుంచి కారులో ఐదు గంటల లోపే, దారిలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు, అమ్మగారు కూడా కాదనరు.